ట్రిపుల్‌ఈ చదివి ఎంఏ ఇంగ్లీష్‌కి అప్లై చేశాను, ఏం జరిగిందంటే

మాది కందుకూరు. నేను పదో తరగతి పాసైనప్పుడు మా ఊరు ప్రకాశం జిల్లాలో ఉంది, బీటెక్ రెండో ఏడాదిలో ఉండగా 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోకి వెళ్ళింది. ఇల్లు మారలేదు, జిల్లా మారింది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ పది నెలల్లో సాహిత్యం కంటే ఈ జిల్లా పేరే నన్ను ఎక్కువ తిప్పింది.

ఒంగోలు దగ్గర ఒక కాలేజీలో ట్రిపుల్‌ఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, చేశాను. ఎందుకు ట్రిపుల్‌ఈ అంటే నాన్నది మోటార్ల వైండింగ్ షాపు, అంతే. ఆప్షన్లు పెట్టే రోజు నన్నెవరూ ఏం కావాలని అడగలేదు, నేనూ ఫలానాది కావాలని అనలేదు. 2024లో బయటికొచ్చేసరికి చేతిలో ఒక ఆఫర్ లెటర్ ఉంది. జాయినింగ్ జులై అన్నారు, తర్వాత సెప్టెంబర్ అన్నారు, అక్టోబర్ వచ్చేసరికి మెయిల్‌కి జవాబు ఇవ్వడం కూడా మానేశారు. ఆ ఖాళీలోనే నేను రెండేళ్ళుగా మనసులో దాచుకున్న మాట బయటపెట్టాను. 2024 అక్టోబర్ 31, దీపావళి రాత్రి, టపాసులు అయిపోయాక, అందరూ మంచి మూడ్‌లో ఉన్నారు కదా అని.

నాన్న కోప్పడలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. "ఇంగిలీషు నీకు వచ్చు గదమ్మా, మళ్ళా రెండేళ్ళు చదివేదేంది?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. అమ్మ రెండు రోజులు ఆ విషయమే ఎత్తలేదు, మూడో రోజు మాత్రం "నాలుగేళ్ళు ఫీజు కట్టాం పాపా" అంది, ఆ ఒక్క మాటకి నేను రాత్రంతా నిద్రపోలేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉండే బాబాయ్ ఫోన్ చేసి టీచర్ కావాలనుకుంటే బీఈడీ చెయ్యొచ్చుగా అన్నాడు. నేను టీచర్ కావాలని ఎప్పుడూ అనలేదు. ఇంగ్లీష్ అనగానే అందరికీ టీచరే గుర్తొస్తుంది.

చివరికి ఒప్పందం ఏంటంటే ఒక్కసారి రాస్తాను, రాకపోతే ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరతాను, కోచింగ్‌కి డబ్బులు అడగను.

సెంట్రల్ యూనివర్సిటీలు చాలావరకు సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త ఎంట్రెన్స్ మార్కులతో తీసుకుంటాయి. నేను పెట్టుకున్న లిస్టులో ఎంఏ ఇంగ్లీష్‌కి బీటెక్ వాళ్ళు కూడా అర్హులేనా అనేది ఒక్కో యూనివర్సిటీ ప్రాస్పెక్టస్ తీసి చదివి ఖాయం చేసుకున్నాను. ఇది మీరే చదవాలి, ఎవరో చెప్పింది నమ్మకూడదు. ఎందుకంటే ఒక చోట "ఏ డిగ్రీ అయినా" అని ఉంటుంది, ఇంకో చోట డిగ్రీలో ఇంగ్లీష్ ఇన్ని సెమిస్టర్లు చదివి ఉండాలని ఉంటుంది, మాకు బీటెక్‌లో ఇంగ్లీష్ ఉండేదే మొదటి ఏడాదిలో. అలా నా లిస్టులోంచి రెండు పోయాయి. ఎక్కడా రాకపోతే దూరవిద్య ఇచ్చే ఇగ్నో ఉంది, అక్కడ ఎంఏ ఇంగ్లీష్‌కి ఎంట్రెన్స్ లేదు, ఏ డిగ్రీ ఉన్నా చేర్చుకుంటారు. ఆ ఒక్క ధైర్యంతో మొదలుపెట్టాను.

నవంబర్ అంతా సిగ్గుతోనే గడిచింది. నేను కథలు, నవలలు చదివేదాన్నే, కందుకూరు నుంచి ఒంగోలుకి రోజూ బస్సులో పోనూ రానూ మూడు గంటలు, నాలుగేళ్ళు, ఆ బస్సులో చదివినన్ని పుస్తకాలు ఇంట్లో చదవలేదు. కానీ పరీక్ష అడిగేది అది కాదు. ఎవరు ముందు ఎవరు వెనక, ఏ రచన ఏ ఏడాది, ఏ మాట ఏ విమర్శకుడిది, ఇలా జతపరచడం, వరుసలో పెట్టడం. నాకు ఇష్టమైన రచయితలు ఏ శతాబ్దం వాళ్ళో కూడా నాకు తెలియదని అప్పుడే తెలిసింది. ఇగ్నో వాళ్ళ ఎంఏ పాఠాలు ఈజ్ఞాన్‌కోశ్ అనే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అవే నాకు కోచింగ్. ఫోన్‌లో చదివితే కళ్ళు మంటలు, అందుకని ఒంగోలులో జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే 1,140 రూపాయలయింది. ఇంట్లో గోడకి క్యాలెండర్ వెనకవైపు కాగితాలు అతికించి శతాబ్దాల పట్టిక గీశాను, అమ్మ దాన్ని చూసి ఏదో గ్రహాల చార్ట్ అనుకుంది.

ఒక్క చోట మాత్రం నాకు చాలా సంతోషం కలిగింది, దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఛందస్సు. ఇంగ్లీష్ పద్యంలో మీటర్ అంటే భయపడి చివర్లో చూద్దామని పక్కన పెట్టాను. జనవరిలో ఒక రోజు తెరిచి చూస్తే ఐయాంబ్ అంటే ఒక తేలిక అక్షరం, ఒక బరువైన అక్షరం అని ఉంది. అంటే లఘువు, గురువు. అంటే మన వగణం! తిరగేస్తే ట్రోకీ, అది గలం, హగణం. రెండు తేలికలు ఒక బరువు అయితే ఆనపెస్ట్, అది సగణం. ఒక బరువు రెండు తేలికలు అయితే డాక్టిల్, అది భగణం. యమాతారాజభానసలగం బట్టీ కొట్టించిన మా పదో తరగతి తెలుగు మాస్టారు ఆ క్షణం ఎదురుగా ఉంటే కాళ్ళకి దండం పెట్టేదాన్ని. ఆయన ఉత్పలమాల గణాలు తప్పు చెబితే "ఎర్రన ఊరు గుడ్లూరు పక్కనే ఉంది, ఆయన పరువు తీయకండి" అనేవారు. కాకపోతే ఇక్కడ ఒక చిక్కు ఉంది, దానికి నేను వారం రోజులు దెబ్బతిన్నాను. మనకి గురువా లఘువా అన్నది అక్షరం చూడగానే తేలిపోతుంది, దీర్ఘం ఉందా, పక్కన సంయుక్తాక్షరం ఉందా, సున్నా ఉందా అని. ఇంగ్లీష్‌లో అది పొడవు లెక్క కాదు, ఎక్కడ నొక్కి పలుకుతారు అన్నది లెక్క. కొన్నిసార్లు అదే మాట నామవాచకమైతే మొదట్లో నొక్కుతారు, క్రియైతే చివర్లో, రికార్డ్ అనే మాటలాగా. మనం తెలుగువాళ్ళం అన్నీ ఒకేలా పలుకుతాం కాబట్టి కంటితో చూసి చెప్పలేం. నేను డిక్షనరీ యాప్‌లో ఒక్కో మాట ఆడియో నొక్కి వింటూ పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాను, మనం పెట్టే గుర్తులే, I, U.

మళ్ళీ కాగితాల్లోకి వస్తాను. జనవరి 2న సీయూఈటీ ఫారం తెరిచారు. మొదటి రోజే నింపుదామని కూర్చుంటే ఆధార్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, టెన్త్ మెమోలో పూర్తిగా, అది కూడా ముందు. ఆధార్ సెంటర్‌లో 50 రూపాయలు కట్టి మార్పించుకుంటే అప్‌డేట్ కావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ పనిలో ఉన్నప్పుడే అడ్రస్‌లో జిల్లా కూడా మార్పించుకుని ఉంటే సగం బాధ తప్పేది, అప్పుడు తోచలేదు. జనవరి 19న ఫారం పంపాను. ఓబీసీ కాబట్టి 1,200. ఆ 1,200లోనే రెండు పేపర్ల దాకా రాయొచ్చని ఫీజు కట్టాక చూశాను, నేను ఇంగ్లీష్ ఒక్కటే ఎంచుకున్నాను. మీరైతే లింగ్విస్టిక్స్ లాంటిది ఇంకొకటి పెట్టుకోండి, పోయేదేం లేదు.

ఫారం నింపుతుంటే నేను గమనించింది ఒకటుంది. "ఎందుకు సబ్జెక్ట్ మారుతున్నావు" అనే గడి ఎక్కడా లేదు. నేను దీపావళి నుంచీ ఆ ప్రశ్నకే జవాబు తయారుచేసుకుంటున్నాను, బంధువులకి ఒకటి, ఫ్రెండ్స్‌కి ఒకటి. ఫారం మాత్రం డిగ్రీ పేరు రాయమంది, మార్కులు వేయమంది, ముందుకు పొమ్మంది. మార్కుల దగ్గర కూడా తొందరపడకండి, సీజీపీఏని పదితో గుణించి పర్సెంటేజ్ వేసేశాను, మా యూనివర్సిటీ సూత్రం ప్రకారం ముందు కొంత తీసేసి గుణించాలి. దిద్దుకునే విండో తెరిచినప్పుడు సరిచేశాను.

ఆ "ఎందుకు" అనే ప్రశ్న అడిగింది ఒక్క చోటే. ఒక ప్రైవేట్ యూనివర్సిటీ, స్కాలర్‌షిప్ ఇస్తారని విని అప్లై చేశాను, ఫారం 1,000. ఎనిమిది వందల మాటల్లో స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాయమన్నారు. మొదటి డ్రాఫ్ట్‌లో చిన్నప్పటి నుంచీ సాహిత్యం అంటే నాకు ప్రాణం అని రాశాను, చదువుకుంటే నాకే నవ్వొచ్చింది, చిన్నప్పుడు నా ప్రాణం క్యారమ్‌బోర్డు. రెండో డ్రాఫ్ట్‌లో ఇంజనీరింగ్ ఊసే లేకుండా జాగ్రత్తగా దాటేశాను, నాలుగేళ్ళు ఎక్కడో మాయమైపోయినట్టు ఉంది. ఫ్రెండ్ చదివి, "జైల్లో గానీ ఉన్నావా" అంది.

మూడోది షాపులో కూర్చుని రాశాను. మా షాపుకి బోరు మోటార్లు వస్తాయి, పొగాకు నాట్ల టైమ్‌లో అయితే రోజుకి ఐదారు. కాలిపోయిన మోటార్‌తో పాటు రైతు ఆ కంపెనీ ఇచ్చిన పుస్తకం కూడా తెస్తాడు, వారంటీ ఉందేమో చూడమని. అది నాన్న నా చేతికిస్తాడు. నేను ఇంటర్ నుంచీ ఆ పుస్తకాలు తెలుగులో చదివి చెబుతున్నాను. డ్రై రన్ అని ఉంటుంది, దానికి నేను ఏవో పెద్ద మాటలు వెతుకుతుంటే నాన్న పక్క నుంచి "నీళ్ళు లేకుండా తిప్పితే కాలిపోద్ది" అంటాడు, అయిపోయింది. ఒకసారి ఒక పెద్దాయనకి కంపెనీ బాధ్యత వహించదు అనే లైను చదివి చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వంకే చూసి "మరి ఎవురు వహిస్తారని రాసుంది పాపా?" అన్నాడు. రాసి లేదు. ఆ వాక్యంలో చేసినవాడే లేడు, పోగొట్టుకున్నవాడే ఉన్నాడు. నాకు ఇంగ్లీష్ చదవాలని ఉన్నది ఇందుకు, ఇలాంటి వాక్యం ఎలా పని చేస్తుందో, దాన్ని తెలుగులోకి తెస్తే ఏం బయటపడుతుందో చూడాలని, అంటే అనువాదం. ఇదే రాశాను. మూడు గంటల్లో అయిపోయింది. ఆ రాత్రి అదే తెలుగులో నాన్నకి చెప్పాను. ఏమీ అనలేదు, మోటార్ పుస్తకాల అట్టపెట్టె తెచ్చి నా మంచం కింద పెట్టాడు.

పరీక్షకి మొదటి ఆప్షన్ ఒంగోలు పెట్టాను, సిటీ స్లిప్‌లో నెల్లూరు వచ్చింది. మార్చి 13 నుంచి ఏప్రిల్ 1 దాకా జరిగాయి పరీక్షలు, నాది ఎప్పుడో హాల్ టికెట్ వచ్చేదాకా కచ్చితంగా తెలియదు, అది నాలుగు రోజుల ముందు వచ్చింది. ముందు రోజే కావలి మీదుగా నెల్లూరు వెళ్ళి స్టోన్‌హౌస్‌పేటలో పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. సెంటర్ ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీ, ఆటోకి 250 అడిగాడు. లోపల ల్యాబ్ చూస్తే అచ్చం మా కాలేజీ ల్యాబే, అదే స్విచ్‌బోర్డులు, అదే వాసన. ఇక్కడి నుంచి పారిపోవడానికి మళ్ళీ ఇక్కడికే వచ్చానా అనిపించింది. చెవి కమ్మలు తీయమన్నారు, ఫుల్ స్లీవ్స్ వేసుకున్న అమ్మాయిని పక్కకి పంపారు, కాబట్టి బట్టల విషయం ముందే చూసుకోండి.

75 ప్రశ్నలు, 90 నిమిషాలు, సరైనదానికి 4, తప్పుకి 1 కోత. నేను 68 చేశాను. టైమ్ సరిపోతుందనుకున్నాను, సరిపోలేదు, వరుసలో పెట్టే ప్రశ్నలు ఒక్కోటి రెండు నిమిషాలు తినేశాయి. బయటికొచ్చాక పెద్దమ్మ కారందోశ తినిపించింది, తింటూ తింటూ రెండు తప్పులు గుర్తొచ్చి మధ్యలో ఆపేశాను.

ఏప్రిల్ రెండో వారంలో ఆ ప్రైవేట్ యూనివర్సిటీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. మా ఇంట్లో సిగ్నల్ ఉండేది మేడ మీద నీళ్ళ ట్యాంక్ పక్కనే, మధ్యాహ్నం రెండింటికి ఆ ఎండలో గొడుగు కట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు మాట్లాడారు, ఒకావిడ మోటార్ పుస్తకం గురించే పది నిమిషాలు అడిగింది. రెండో ఆయన "ఈ మధ్య చదివినవాటిలో మీకు నచ్చనిది చెప్పండి" అన్నారు. నేను నచ్చినవాటికే తయారయ్యాను. నీళ్ళు నమిలాను. తర్వాత తెర మీద నాలుగు లైన్ల పద్యం పెట్టి చదవమంటే చదివి, గురులఘువులు లెక్కపెట్టి చెప్పాను, ఆవిడకి అది భలే నచ్చింది. సీటు ఇచ్చారు. సగం స్కాలర్‌షిప్. మిగతా సగమే ఏడాదికి లక్షల్లో ఉంది. నాన్న అప్పు తెస్తానన్నాడు. నాన్న అలా అనగానే నాకు ఆ సీటు మీద ఆశ పోయింది, వద్దని మెయిల్ పెట్టాను.

ఏప్రిల్ 22న సీయూఈటీ ప్రిలిమినరీ కీ వచ్చింది. ఒక ప్రశ్నకి కీ తప్పనిపించి 200 కట్టి అభ్యంతరం పెట్టాను, నేనే తప్పు, 200 పోయింది. మే 6న ఫలితాలు. 48 రైట్, 20 రాంగ్, 300కి 172. మంచి స్కోరో కాదో తెలియదు, అడగడానికి ఎవరూ లేరు. ఆ రోజు నాన్న ఉలవపాడు మామిడికాయలు తెచ్చాడు, ఫలితం కోసం కాదు, సీజన్ కదా అని తెచ్చాడు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. స్కోరు వస్తే సీటు వచ్చినట్టు కాదు. ప్రతి యూనివర్సిటీకి విడిగా వాళ్ళ పోర్టల్‌లో మళ్ళీ రిజిస్టర్ కావాలి, మళ్ళీ ఫీజు, మళ్ళీ అదే ఫోటో ఇంకో సైజులో. నాలుగింటికి కలిపి 2,150 అయింది. ఒకదాని గడువు మూడు రోజుల్లో ముగుస్తుందని అనుకోకుండా చూశాను, వాళ్ళు మనకి మెయిల్ ఏమీ పెట్టరు.

ఇప్పుడు ఓబీసీ సర్టిఫికెట్. రాష్ట్రంలో ఇచ్చే బీసీ కుల ధ్రువీకరణ పత్రం సెంట్రల్ యూనివర్సిటీలకి పనికిరాదు, కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్‌ది కావాలి, అది కూడా ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినది. నేను జనవరిలోనే తీసుకుని చాలా తెలివైనదాన్ననుకున్నాను. మే నెలలో మళ్ళీ సచివాలయానికి వెళ్ళి తొందరలో తప్పు సర్వీసు కింద అప్లై చేశాను, రాష్ట్రం నమూనాలో వచ్చింది. రెండోసారి నా ఆధార్‌లో ఉన్న పాత జిల్లా ఎక్కించి ఇచ్చాను, ప్రకాశం అని అడ్రస్, కింద నెల్లూరు జిల్లా తహశీల్దారు సంతకం. ఎవరినీ అనడానికి లేదు, రెండూ నా తప్పులే. చివరికి ఆధార్ మార్పించి మూడోసారి సరైనది చేతికి వచ్చేసరికి జూన్ 20. మొత్తం నలభై రోజులు. అక్కడి వీఆర్వో గారు నన్ను చూసి "ఏందమ్మా, నీకోసం మళ్ళీ జిల్లా మార్చాలా" అని నవ్వారు.

మొదటి లిస్టు జులై మొదటి వారంలో, నా పేరు లేదు. రెండోది పదకొండు రోజుల తర్వాత. ఆ పదకొండు రోజులు నేను రోజుకి ఎన్నిసార్లు ఆ పేజీ రీఫ్రెష్ చేశానో చెప్పడానికి సిగ్గేస్తుంది. రెండో లిస్టులో వచ్చింది, హైదరాబాద్‌లోనే. ఏ యూనివర్సిటీనో రాయను, క్లాస్‌మేట్లు పట్టేస్తారు. రెండు రోజుల్లో ఫీజు కట్టాలి, డిపాజిట్లతో కలిపి పన్నెండు వేల చిల్లర. నాన్న ఫోన్‌లోంచి కట్టాను, డబ్బు కట్ అయింది, పోర్టల్‌లో మాత్రం పెండింగ్ అని ఉంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. తెల్లారి బాబాయ్ తన నెట్‌బ్యాంకింగ్‌లో మళ్ళీ కట్టాడు, బీఈడీ చెయ్యమన్న బాబాయే. మొదటి డబ్బు ఐదు రోజులకి వెనక్కి వచ్చింది.

జులై చివర్లో ఒంగోలులో నారాయణాద్రి ఎక్కి లింగంపల్లిలో దిగాం, నాన్న, నేను. వెరిఫికేషన్‌లో నేను ఊహించనిది గ్యాప్ అఫిడవిట్. 2024 నుంచి 2025 దాకా ఏం చేశావు అని స్టాంప్ పేపర్ మీద నోటరీతో రాయించుకు రావాలి. కోర్టు దగ్గర ఒక లాయర్ గారి గుమస్తా 300 తీసుకుని, "సదరు కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చేరియుండలేదు, ఏ నేరములోనూ పాల్గొనియుండలేదు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీష్‌లో టైప్ చేసి ఇచ్చాడు. నా ఏడాది మొత్తం రెండు లైన్లు.

అడ్మిషన్ ఫీజు కాకుండా ఫారాలు, జిరాక్సులు, ప్రయాణాలు, నోటరీ అన్నీ కలిపి తొమ్మిది వేల పైన అయింది. కోచింగ్ ఫీజు లేకుండా.

క్లాసులు మొదలై నాలుగు వారాలైంది. క్లాసులో నాలాగా వేరే డిగ్రీ నుంచి వచ్చినవాళ్ళు నలుగురున్నారు, ఒకబ్బాయి ఫార్మసీ. బీఏ ఇంగ్లీష్ వాళ్ళు మాట్లాడుతుంటే ఇంకా సగం పేర్లు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని హాస్టల్‌కి వచ్చి వెతుక్కుంటున్నాను. మైగ్రేషన్ సర్టిఫికెట్ మాత్రం ఇంకా రాలేదు. కాలేజీలో నో డ్యూస్ ఒక సంతకం ఆగిందట, లైబ్రరీది, 2023లో నేను తిరిగిచ్చిన పుస్తకం ఒకటి ఇంకా నా పేరు మీదే ఉంది. అండర్‌టేకింగ్ రాసిచ్చాను, సెప్టెంబర్ 30 దాకా టైమ్ ఇచ్చారు. రేపు మధ్యాహ్నం దాకా షాపు మూసేసి నాన్నే ఒంగోలు వెళ్ళి వస్తానన్నాడు. పుస్తకం పేరు వాట్సాప్‌లో పెట్టమన్నాడు, తెలుగులో రాసి.